పదకొండో లైను

రోసెందా వచ్చేసరికి చిలీలోని వాల్పరాయిసోలో వాన పడుతోంది. గొడుగు ముడవడం కూడా మరిచి గుమ్మంలోనే నిలబడి, తన వల్ల ఒక మనిషి చనిపోయాడో లేదో తేల్చి చెప్పమని అడిగింది. గొంతులో భయం లేదు, ఏడుపు లేదు. తొమ్మిది రోజులుగా ఆమెకు ఏమీ అనిపించడం లేదట.

డిటెక్టివ్ ఎవారిస్తో మన్సియా ఆమెను కూర్చోబెట్టాడు. సహాయకురాలు నెలిదా టీ తెచ్చింది.

రోసెందా పనిచేసే కంపెనీ ఇళ్లకు ఆక్సిజన్ సిలిండర్లు పంపుతుంది. ఏ రోజు ఏ ఇంటికి వెళ్లాలో జాబితా తయారుచేసే ప్రోగ్రామును ఆమె పరీక్షిస్తుంది. సెప్టెంబరులో గడియారాలు ముందుకు జరిపిన ఆదివారం ఆ జాబితా ఖాళీగా వచ్చింది. వ్యాను కదల్లేదు. కొండ మీది డాన్ ఫ్రోయ్‌లాన్ అనే ముసలాయన సిలిండరు అయిపోయి ప్రాణం విడిచాడు. ఆ రోజు ప్రోగ్రాము సరిగ్గా నడుస్తుందో లేదో చూసే పరీక్షే రోసెందా రాయలేదని మేనేజరు ఉలీసెస్ అంటున్నాడు.

"రాశాను సార్. తెర మీద ఆకుపచ్చగా, పాసైనట్టే వచ్చింది. అనుమానమొచ్చి కావాలని తప్పు పెట్టాను. అప్పుడూ ఆకుపచ్చే. ఆ పరీక్షలను నడిపే టూల్లోనే లోపముందని జూలైలోనే దాన్ని చేసేవాళ్లకు రాశాను."

ఆ టూలు ఏ ఒక్కరి సొత్తూ కాదు. దేశదేశాల్లోని ఔత్సాహికులు ఉచితంగా నడుపుతారు. తన దగ్గర సరిగ్గానే పనిచేస్తోందని పోలండ్ నుంచి ఒకతను జవాబు రాసి ఫిర్యాదు మూసేశాడు. వాళ్ల నియమం ప్రకారం అక్కర్లేనిదంతా తీసేసి లోపం చూపించే పది లైన్ల ప్రోగ్రాము నమూనాయే పంపానని రోసెందా చెప్పింది. అక్కడ మన్సియా పెన్సిలు ఆగింది. నెలిదాకు మాత్రం దోషి దొరికిపోయాడు, ఉలీసెసే. ఆమెకు ప్రతి కేసులోనూ మొదటి పూటే మేనేజరు దొరుకుతాడు.

మర్నాడు నెలిదా ఆ నమూనాను ఆఫీసు కంప్యూటరులో నడిపింది. రెండూ రెండూ అయిదని పెట్టినా ఆకుపచ్చే. కంప్యూటరును పోలండ్ రాజధాని వార్సా సమయానికి మార్చి మళ్లీ నడపమన్నాడు మన్సియా. ఈసారి ఎర్రగా వచ్చింది, తప్పు పట్టుకుంది. ఆయన వెంటనే రోసెందా జూలైలో రాసుకున్న నమూనా చిత్తుప్రతి తెప్పించుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ గదిలో అందరినీ కూర్చోబెట్టాడు. చనిపోయినాయన కూతురు యస్నా కూడా వచ్చింది.

"మన దగ్గర ఆ శనివారం ముగియగానే గడియారం ఒంటిగంటకు దూకుతుంది. ఆ ఆదివారానికి అర్ధరాత్రే లేదు. అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టే జాబితా, మొదలు దొరక్క ఖాళీగా వచ్చింది. టూలు కూడా మొదలు దొరక్క పరీక్షను నడపకుండానే దాటేసింది. దాటేసినదాన్ని పాసైనదాంట్లో కలిపేసింది."

ఎవరూ ఏమీ అనకముందే ఉలీసెస్ భుజాలు తడుముకున్నాడు, తెర ఆకుపచ్చగా ఉంటే తనేం చేయాలన్నాడు. పరీక్ష ఉందనీ, ఆయన తెరిచి చూడలేదనీ, ఖాళీ జాబితా చూసి కూడా ఎవరినీ అడగలేదనీ మన్సియా చెప్పాడు.

"మరి ఆ పోలండ్ అతను అబద్ధమాడాడా?" అంది యస్నా.

"లేదమ్మా. అక్కడ ఆ రోజు అర్ధరాత్రి ఉంది." మన్సియా కాగితాలు రెండూ బల్ల మీద పెట్టాడు. "చిత్తులో పదకొండు లైన్లున్నాయి. పంపినదాంట్లో పది. ఇది చిలీ సమయం అని చెప్పే లైను పోయింది. అది లేకపోతే నమూనా, తనను నడిపే కంప్యూటరు సమయమే తీసుకుంటుంది."

నెలిదా ఇంకా ఉలీసెస్ వైపే చూస్తోంది.

"నేనే తీశాను," అంది రోసెందా. "అది ఉన్నా లేకపోయినా నా కంప్యూటర్లో ఒకేలా నడిచింది. అక్కర్లేదనుకున్నాను."

పుట్టినప్పటినుంచీ ఒకే గడియారం చూసినవాళ్లకు దాని సంగతి రాయాలని తోచదని మన్సియా ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. ఒక్క లైనేనా అని యస్నా మెల్లగా అడిగింది.

రోసెందా అక్కడే కూర్చుని పదకొండు లైన్లతో ఫిర్యాదు మళ్లీ పంపింది. నలభై నిమిషాల్లో జవాబొచ్చింది. నెలిదా పైకి చదివింది. లోపం దొరికింది, రేపటికి సరిచేస్తాం, ఇంత స్పష్టమైన ఫిర్యాదు ఈ ఏడాదిలో చూడలేదు, అభినందనలు.

"దీనికేం రాయను?" అంది రోసెందా, పొడి గొంతుతో.

"మా నాన్న పేరు రాయి," అంది యస్నా.

రోసెందా రాయడం మొదలుపెట్టింది. రెండో అక్షరం దగ్గర, ఆ ఆదివారం తర్వాత మొదటిసారి ఆమెకు ఏడుపొచ్చింది.