మొగుళ్ళను పట్టే లాకు

ఆ లాకులో రాత్రిపూట పడవ కట్టకూడదని కాలువ పొడుగునా అందరూ చెబుతారు.

లాకంటే మరేం లేదు. పై కాలువకీ కింద సరస్సుకీ మధ్య, అటో పెద్ద చెక్క తలుపు, ఇటో పెద్ద చెక్క తలుపు ఉన్న నీటి గది. నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. కాలువ మీద ఇలాంటివి చాలానే ఉన్నాయి. కానీ ఈ ఒక్కదాని పక్కనే దీపం వెలగని ఇల్లుంది. అందులో ఓ ముసలావిడ ఉందట... ఉందో, ఎప్పుడో పోయిందో కూడా తెలియదట. రాత్రి అక్కడ పడుకుంటే పడవ భూమిలోకి దిగిపోతుందట. తెల్లారి చూస్తే పెళ్ళాం ఉంటుంది — మొగుడుండడు!

"ఆడవాళ్ళ జోలికి రాదమ్మా, మొగుళ్ళనే పడుతుంది," అంది రేవులో డీజిలు పోసే ఆవిడ, గొంతు తగ్గించి. "ఇంకొకడు దొరికేదాకా వదలదు."

మన రిసెప్షనిస్టు కిసుక్కున నవ్వింది. ఆమె పనిచేసేది పళ్ళ డాక్టరు దగ్గర. "ఏమీ కాదండీ, నొప్పే తెలియదు," అని ఆమె తేనె పూసిన గొంతుతో అంటే, ఎంతటి మీసాలాయనైనా బుద్ధిగా వెళ్ళి కుర్చీలో కూర్చుంటాడు. అలాంటి మనిషికి దెయ్యమంటే భయమేమిటి?

ఆమె భయమల్లా మొగుడి గురించే. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఏ లిఫ్టు ఆగినా ఆయన ఫోనే మోగుతుంది. వాళ్ళ పెళ్ళి ఫోటోల్లో సగానికి సగం ఆమె ఒక్కతే నిలబడి ఉంది. అందుకే ఈ వేసవికి పట్టుబట్టి మోటారు పడవ అద్దెకు తీసుకుంది. ఆయన ఫోనూ, పనిముట్ల సంచీ వాళ్ళమ్మ బీరువాలో పెట్టి తాళం వేయించింది.

"ఒక్క బోల్టు ముట్టుకున్నారో, పడవ అక్కడికక్కడే వెనక్కి తిప్పేస్తా. నాకు మొగుడు కావాలి, మెకానిక్కు కాదు," అంది.

ఆయన ఆమె నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. పాపం, నిలబెట్టుకున్నాడు కూడా. ఇంజను దగ్గినప్పుడల్లా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పడవను రెల్లుపొదల్లోకి తోలాడు, శ్రుతి లేని పాటలు పాడాడు, ఆమె తోసేస్తే కాలువలో పడ్డాడు. నవ్వీ నవ్వీ ఆమెకు పొట్ట నొప్పి పుట్టింది. పెళ్ళయ్యాక మొగుడు పూర్తిగా తన చేతికి చిక్కడం ఇదే మొదలు.

చీకటి పడుతుండగా ఆ లాకు వచ్చింది. పై తలుపు తీసే ఉంది. బయట కాలువలో గాలికి పడవ ఊగుతోంది, లోపల మాత్రం నీళ్ళు కదలడం లేదు.

"గదిలాగే ఉందోయ్, హాయిగా పడుకుందాం," అన్నాడు మెకానిక్కు.

డీజిలావిడ మాట గుర్తొచ్చింది... కానీ అలిసిపోయి ఉన్నారు. ముందూ వెనకా తాళ్ళు బిగించి కట్టారు. ఆయన గట్టెక్కి వెనక తలుపు మూసొచ్చాడు. తలుపు మూయకుండా ఏ లిఫ్టువాడైనా పడుకుంటాడా? ఆమె పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులో, ఆయన చేసిన ఇంకో పని చూడలేదు.

నడిరాత్రి మెలకువ వచ్చేసరికి ఆమె మొగుడి మీద పడుకుని ఉంది. ప్రేమే కాబోలు అనుకుంది. కాసేపటికి నీళ్ళ సీసా దొర్లుకుంటూ వచ్చింది... తర్వాత చెప్పులు... తర్వాత సూట్‌కేసు.

తల తిప్పింది. ముసలావిడ ఇల్లు ఉండాల్సిన చోట నల్లటి తడి గోడ. చూస్తుండగానే ఆ గోడ పెరుగుతోంది! ఎక్కడో పైన ఆకాశం చేతిరుమాలంత మిగిలింది.

"ఏవండీ... మనం దిగిపోతున్నాం..."

"ఏ ఫ్లోరు?" అన్నాడాయన నిద్రలోనే.

పైన ఓ దీపం వెలిగింది. దీపం వెనక తెల్లటి జుట్టు. ఆ జుట్టు కిందనుంచి పొడవాటి గెడ ఒకటి దిగింది... దాని కొసన ఇనప కొక్కెం... అటు తడిమింది... ఇటు తడిమింది... చివరికి మెకానిక్కు బనీను పట్టుకుని లాగింది!

రిసెప్షనిస్టు మొగుడి కాళ్ళు రెండూ వాటేసుకుంది. "ఇవ్వను! ఇన్నాళ్ళకి ఫోను లేకుండా దొరికాడు! ఇవ్వను గాక ఇవ్వను!"

దీపం గట్టు అంచు మీంచి కిందికి వంగింది...

"మీ ఆయన నాకెందుకమ్మా? తాడు! తాడు వదలండి, పడవ బోర్లా పడుతుంది!"

తాళ్ళు విప్పగానే పడవ ధబ్బుమని చదునైంది. పైనున్నది లాకు చూసే ముసలావిడే, నిక్షేపంగా బతికున్న మనిషి. పెందలాడే దీపం ఆర్పి పడుకునే అలవాటు. కింది తలుపు కారిపోయి, నీళ్ళు సరస్సులోకి దిగిపోయాయి, బిగించి కట్టిన తాళ్ళకి పడవ ఓ పక్కకి వేలాడిందంతే.

"నీళ్ళు నింపి పైకి లేపుదామంటే తూము తిప్పే హ్యాండిలు కనబడదే! ఏ వెధవ పట్టుకుపోయాడో!"

మెకానిక్కు తలగడ కిందనుంచి మెల్లగా ఇనప హ్యాండిలు బయటికి తీశాడు. "లిఫ్టు లోపల మనుషులుంటే... హ్యాండిలు పైన వదలకూడదమ్మా... అలవాటు..."

రిసెప్షనిస్టు ఆయన్ని చూసిన చూపు రాయడం కష్టం. పైనుంచి ముసలావిడ గొంతు మాత్రం తీయగా మారిపోయింది.

"నాయనా... నువ్వు మెకానిక్కువా?"

రిసెప్షనిస్టు మొగుడి నోరు మూసేలోపే ఆయన "అవునండీ" అనేశాడు.

ఆ హ్యాండిలుతోనే నీళ్ళు నింపి, పడవను పైకి లేపుకుని పడుకున్నారు. తెల్లారి ఆమె లేచి చూస్తే పక్క ఖాళీ. డీజిలావిడ చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ ఇరుక్కున్న ప్రతి మొగుడిచేతా ముసలావిడ ఆ తలుపు బాగు చేయిస్తుందట. ప్రతివాడూ నాకు తెలుసంటూ దిగి, ఇంకో కన్నం పెట్టి పోయాడట. ఇప్పుడు మెకానిక్కు కింది తలుపు అవతల, సరస్సువైపు ఛాతీలోతు నీళ్ళలో ఉన్నాడు. నోటినిండా మేకులు, ఒళ్ళంతా గ్రీజు, మొహమంతా వెలుగు.

పడవ తిప్పేస్తానని అరుద్దామని వెళ్ళింది. ఆ మొహం చూసి నవ్వొచ్చేసింది. కానీ మధ్యాహ్నమైంది, పొద్దు వాలింది, ఆయన "ఇంకొక్క పలకే" అంటూనే ఉన్నాడు. అప్పుడు ఆమెకు నిజంగా ఏడుపొచ్చింది. సెలవులు అయిపోతున్నాయి, మొగుడు మళ్ళీ చేజారిపోయాడు.

"మా ఆయన్ని వదిలెయ్యండి, అమ్మా," అంది ముసలావిడతో.

"నేను పట్టుకున్నానా తల్లీ? ఒంటిచేత్తో అయ్యే పని కాదది. పలక ఎత్తిపట్టడానికి ఇంకో మగాడుంటే రేప్పొద్దున్నే మీ దారిన మీరు పోవచ్చు."

కాలువ మలుపులో మోటారు చప్పుడైంది. ఓ పడవ వస్తోంది. అందులో కండలు తిరిగిన ఓ కుర్రాడు, వాణ్ణి ఆనుకుని కొత్త పెళ్ళికూతురు. లాకును చూడగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"అక్కా... ఇక్కడ రాత్రిళ్ళు ఏదో ఉంటుందటగా... ఆగొచ్చా?"

రిసెప్షనిస్టు కళ్ళు తుడుచుకుంది. ఒకసారి నీళ్ళలోని మొగుణ్ణి చూసింది, ఒకసారి ఆ కుర్రాడి కండలు చూసింది. ముసలావిడ చేతిలోని దీపం అందుకుని, గట్టు అంచుదాకా నడిచింది.

"ఏమీ కాదండీ," అంది తేనె పూసిన గొంతుతో. "రండి, లోపల కట్టేసుకోండి... నొప్పే తెలియదు."