పీర్ మహమ్మద్ స్పానిష్ నోట్‌బుక్

1979 జూన్ 12. మధ్యాహ్నం 3.40.

ఐదింటికి రేవులో ఉన్న స్పానిష్ ఓడ కదులుతుంది. రోజూలాగే నిన్న ఉదయం కూడా లుంగీలు అమ్మడానికి ఆ ఓడెక్కిన పీర్ మహమ్మద్ ఇంకా ఇల్లు చేరలేదు.

ఇన్‌స్పెక్టర్ అర్జునరావు మళ్లీ మళ్లీ గడియారం చూస్తున్నాడు. ఓడ వెళ్లిపోయాక ఎవరిని పట్టుకుని అడగాలి?

"నిన్న పదకొండింటికే దిగిపోయాడు బాబూ. నా కళ్లతో సూసాను," అని ఒట్టేశాడు ఓడ మెట్ల దగ్గర కాపలా ఉండే వాచ్‌మన్ చలమయ్య.

స్టేషన్‌లో టేబుల్ మీద, పీర్ మహమ్మద్ భార్య చాంద్ సుల్తానా ఇంటి నుంచి తెచ్చిన అతని నోట్‌బుక్ ఉంది. స్పానిష్ మాటలు ఉర్దూ లిపిలో, పక్కనే ఇంగ్లీషు అర్థాలు. ఆఖరి పేజీలో గుడ్ మార్నింగ్, ఫ్రెండ్, థాంక్యూ.

"అన్నీ మర్యాద మాటలే. ఓడలో గొడవేటి జరగలేదు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ గవర్రాజు. "ఊళ్లో వెతకాలి."

చాంద్ సుల్తానా నోట్‌బుక్ లాక్కుంది.

"అయ్యో సాబ్! ఇది మొదటి పేజీ. మాది కుడి నుంచి."

పుస్తకం తిరగేసింది. పోలీసులు మొదటిదనుకున్న పేజీయే చివరిది! కాపితాన్, కెప్టెన్. గ్వార్దియాన్, వాచ్‌మన్. కుయెర్దా, తాడు. లద్రోన్, దొంగ.

"ఈ మాటలు ఎప్పుడు రాశాడు?" అని అడిగాడు అర్జునరావు.

"మొన్న సాబ్. రేపు చెప్పాల్సిన మాటలు ఈరోజే ఓడ వంటవాడి దగ్గర నేర్చుకుని రాసుకుంటాడు. ఓడకి పోయేటప్పుడు పుస్తకం ఇంట్లోనే పడేసి పోతాడు."

అర్జునరావు టోపీ అందుకున్నాడు. జీపు తియ్యమని అరిచాడు.

4.25. ఓడ డెక్ మీద కెప్టెన్, వంటవాడు, చలమయ్య.

"దిగినప్పుడు అతని చేతిలో ఏముంది చలమయ్యా?"

"లుంగీల మూట బాబూ."

గవర్రాజు ఓడ వంటగదిలో దొరికిన ఆ లుంగీల మూటే తెచ్చి కింద పెట్టాడు. సరుకు వదిలేసి ఏ వర్తకుడు పోతాడు?

"ఓడ తాళ్లు దొంగతనంగా దించుతున్నావు. అది చూశాడు. నిన్న కెప్టెన్‌తో చెప్పడానికి మొన్నే మాటలు నేర్చుకున్నాడు. మేం పుస్తకం చివరి నుంచి మొదటికి చదివాం గనక ఇంతసేపు బతికిపోయావు. ఎక్కడున్నాడు?"

"నాకేటి తెలుసు..."

"వాడు చస్తే ఉరే రా!"

చలమయ్య చేతులు జోడించాడు. "పెయింట్ గదిలో పెట్టి తాళమేశాను బాబూ. సముద్రంలోకెల్లాక ఓడోళ్లే సూసుకుంటారనుకున్నాను."

4.48. తాళం పగిలింది. రంగుల ఘాటుకి గవర్రాజు ముక్కు మూసుకుని వెనక్కి తగ్గాడు. డబ్బాల మధ్య పీర్ మహమ్మద్ ముడుచుకుని పడున్నాడు. ఊపిరుంది. అర్జునరావు అల్లా అనలేదు, రామా అనలేదు, ఏడ్చేశాడు.

గాలి తగిలాక పీర్ మహమ్మద్ పెదాలు కదిలాయి.

"తెలుగులో అరిసాను సాబ్, ఎవరికీ అర్థం కాలేదు. 'బరాతో, బరాతో' అని వాళ్ల మాటల్లో అరిసాను. చవక, చవక అని. బయట నవ్వుకుంటా ఎల్లిపోయారు."

"కాపాడండి అని అరవలేకపోయావా?"

"బేరంలో ఆ మాట ఎప్పుడూ అవసరం పడలేదు సాబ్. నేర్సుకోలేదు."