దీపం వెలిగితే పాట

"ఇది వంటగదా, మీ స్టేజా?" అమ్మ గొంతు వీధిలోకి వినబడింది.

వంటగట్టు మీద ఉప్పు డబ్బా చోట పసుపు టేపు ముక్క, చక్కెర డబ్బా చోట ఎర్ర టేపు ముక్క. తీసిన డబ్బా తీసినచోటే పెట్టాలని కూతురు నిన్న రిహార్సల్ నుంచి రాగానే అతికించింది.

"నువ్వు రోజుకో చోట పెడితే కాఫీలో ఉప్పు పడదూ?"

"ముప్ఫై ఏళ్లుగా కళ్లు మూసుకుని వండుతున్నా. ఒక్కసారైనా పడిందా?"

"మొన్న నాన్న తాగారు."

"నేనేమీ అనలేదు," అన్నాడు నాన్న పేపరు వెనకనుంచి.

"అదే మీతో వచ్చిన చిక్కు," అంటూ అమ్మ రెండు ముక్కలూ పీకేసింది.

మరో రోజైతే కూతురు నవ్వేది. మనసు బాగాలేనప్పుడే ఆమె కనబడిందల్లా సర్దుతుందని ఇంట్లో ఎవరూ గమనించలేదు.

ఆమె ఒక సంగీత నాటకానికి స్టేజ్ మేనేజర్. పక్కతెర చాటున నిలబడి, ఏ తెర ఎప్పుడు లేవాలో, ఏ పాట ఎప్పుడు మొదలవాలో హెడ్‌ఫోన్‌లో చెబుతుంది. ఆమె "గో" అనేదాకా ఎవరూ కదలరు. చేతిలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ ఉంటుంది కాబట్టి బృందమంతా ఆమెను గడియారం అంటారు. ఆ పేరు పెట్టింది సంగీత దర్శకుడు. మొదటిరోజే ఇద్దరికీ తగువు.

"మాస్టారూ, మీ పాట నలభై సెకన్లు ఎక్కువైంది."

"ముందు ఎలా ఉందో చెప్పరా?"

"బాగుంది. నలభై సెకన్లు ఎక్కువగా బాగుంది."

వాద్యబృందం పకపకా నవ్వింది. మర్నాడు అతను ఇరవై సెకన్లు తగ్గించి తెచ్చాడు.

"మిగతా ఇరవై?"

"నా పరువు కోసం ఉంచుకున్నా."

ఆ ఇరవై సెకన్లనూ ఆమె సెట్టు మార్చే సమయంలో చప్పుడు లేకుండా సర్దేసింది.

మూడోవారంలో ఆమెకు అనుమానం వచ్చింది. స్టేజీ ముందు పల్లంలో నిలబడి అతను వాద్యాలను నడిపిస్తాడు. వాటిని వినడానికి కుడి చెవి ఖాళీగా ఉంచుకుని, హెడ్‌ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుంటాడు. ఆమె "గో" అన్నా అతని చెయ్యి లేవదు. వయొలిన్ అమ్మాయి తలెత్తి చూశాక లేస్తుంది.

ఆమె అతన్ని ఏమీ అడగలేదు. హెడ్‌ఫోన్ గరగరమంటోందని ఎలక్ట్రీషియన్‌తో చెప్పి, అతని నోట్స్ స్టాండుకు చిన్న ఆకుపచ్చ దీపం పెట్టించింది. మీట తన దగ్గర ఉంచుకుంది. ఆమె మీట నొక్కితే దీపం వెలుగుతుంది, దీపం వెలిగితే పాట మొదలవుతుంది.

ఆ సాయంత్రం వాన. ఒకే గొడుగు. అతనికి కుడివైపుకు వచ్చి నడిచింది ఆమె.

"అటే ఎందుకు?"

"అటు వినబడుతుందిగా."

అతను ఆగిపోయాడు. గొడుగు అంచునుంచి నీళ్లు ఇద్దరి చెప్పుల మీదా పడుతున్నాయి.

"ఇంకెవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు."

"మీరంటే ఇష్టమని పాట కట్టి చెబుదామనుకున్నా. మీరు సెకన్లు లెక్కపెడతారని మాటల్లోనే చెప్పేస్తున్నా."

"నాలుగు సెకన్లు పట్టింది," అందామె. ముఖం మాత్రం గొడుగు అవతలికి తిప్పుకుంది.

అది జరిగి ఐదు వారాలు. నిన్న అతని నోట్స్‌లోంచి డాక్టరు కాగితం జారిపడింది. ఎడమ చెవి పోయింది, కుడిదీ పోతోంది, డ్రమ్ముల దగ్గర పని వెంటనే మానాలి. తేదీ చూసింది. రెండు నెలల కిందటిది. తాను ఆ దీపం పెట్టించకపోతే అతను ఎప్పుడో దొరికిపోయేవాడు. ఐదు వారాలుగా అతన్ని ఆ డ్రమ్ముల పక్కన నిలబెట్టింది తనే.

"నాటకం దర్శకుడికి చెప్పండి," అంది.

"మొదటి షో అయ్యాక. రెండేళ్లు కట్టిన పాటలు. ఒక్కసారి జనం ముందు నా చేత్తో..."

"చెప్పకపోతే రేపు దీపం వెలగదు."

"మీరలా చెయ్యరు," అని నవ్వాడు.

ఇవాళ ఆఖరి రిహార్సల్. నటి వెలుగులోకి వచ్చి నిలబడింది. పక్కతెర చాటునుంచి ఆమె హెడ్‌ఫోన్‌లో "గో" అంది. వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు.

అతను దీపం కేసే చూస్తున్నాడు. ఐదు సెకన్లు. తొమ్మిది. పదకొండు.

"ఏమైంది మాస్టారూ?" దర్శకుడు అతని ఎడమ భుజం వెనకనుంచి అడిగాడు. మళ్లీ అడిగాడు. అతను తిరగలేదు. వయొలిన్ అమ్మాయి తలదించుకుంది. ఇక ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మధ్యాహ్నానికి అతని చోట పియానో ఆయన నిలబడ్డాడు. అతను నోట్స్ అప్పగించి, ఆమె పక్కనుంచే వెళ్లిపోయాడు. ఆమె పిలవలేదు. వెనకనుంచి పిలిచినా ప్రయోజనం లేదని ఆమెకు తెలుసు.

షోలు మొదలయ్యాయి. ఇరవై సెకన్ల పరువుతో సహా పాట బాగా నిలబడింది. పదకొండో రోజు ఉదయం ఆమె అతని ఇంటి తలుపు తట్టింది. వినబడలేదు. కిటికీ దగ్గరికెళ్లి చెయ్యి ఊపింది.

"నన్ను దింపేసి, ఎలా ఉన్నానో చూడ్డానికొచ్చారా?"

"తిట్టడానికి మీకు అవకాశమిద్దామని వచ్చా."

అతను తిట్టలేదు. గడ్డం పెరిగింది. పియానో మూతమీద బట్టలు ఆరేసి ఉన్నాయి.

"డాక్టరు ఏమన్నారు?"

"ఈ కుడి చెవి ఏడాది ఉండొచ్చు. అక్కడే ఉంటే ఆరునెలలు కూడా ఉండేది కాదట."

"ఆ మిగతా నెలలు నేను మిగిల్చాను. కోపం వస్తే రానివ్వండి."

"మిగిల్చుకుని ఏం చేసుకోను? పాటలా ఇంక లేవు."

"నేను వాగుతాను. వినండి."

అతను కుర్చీ లాగి, ఆమెను తన కుడివైపు కూర్చోమన్నాడు. ఇద్దరూ ఏడ్చారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె అతని చెవుల సంగతీ, తమ పెళ్లి సంగతీ అన్నీ చెప్పింది. నాన్న కలిపిన అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"ఏడాది ఆగవే," అంది అమ్మ. గొంతులో గద్దింపు లేదు, బతిమాలుతున్నట్టుంది. "ఆయన సంగతి ఎటు తేలుతుందో చూద్దాం. నీ మంచికే."

"ఎటు తేలుతుందో తెలిసే అడుగుతున్నానమ్మా."

"అంత తొందరేమిటే తల్లీ?"

"పెళ్లి ఈ నెలలోనే. మీరు దీవించే మాట ఆయనకి వినబడాలి."