వేలిముద్ర చుట్టూ వంగిన వరుసలు

ఎలక్షన్లూ ఈస్టరూ ఒకే నెలలో పడిన ఏడాది అది. ప్రొద్దుటూరులో ఇనాయతుల్లా డీటీపీ సెంటరుకు ఊపిరి సలపడం లేదు. పొద్దున పన్నెండు దాకా ఒక పార్టీవాళ్లు రావాలి, రెండు దాటాక ఇంకో పార్టీవాళ్లు రావాలి. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటే ఏమవుతుందో ఆ జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు. అందుకే ఇనాయతుల్లా ఆ టైములు అట్టముక్క మీద రాసి తలుపుకు వేలాడదీశాడు.

కంప్యూటరు ముందు కూర్చునేది శుభాకర్. చక్రాయపేటవాడు, ఇరవై ఆరేళ్లు. స్కాన్ చేసిన బొమ్మల్లోంచి మచ్చలు తీయడంలో తనంతటివాడు లేడని అతని నమ్మకం. ఆ మాటకొస్తే ఊళ్లో సగంమంది నమ్మకమూ అదే. మొన్నటికి మొన్న ఒక అభ్యర్థి మొహం మీది మశూచి మచ్చలన్నీ తుడిచేస్తే, ఆ ఫ్లెక్సీ చూసి కన్నతల్లే ఎవరప్పా ఈయన అని అడిగిందట. శుభాకర్ దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు.

సరిగ్గా పన్నెండున్నరకు, ఒక పార్టీ పోయి ఇంకో పార్టీ రాని సందులో, సలోమి లోపలికొచ్చింది. నీలం చీర, చేతిలో గొడుగు, చంకలో బిస్కట్ల డబ్బా. ఎండకు మొహం కందిపోయి ఉంది.

శుభాకర్ తలెత్తకుండానే అడిగాడు. "ఏ పార్టీ?"

"మా అవ్వ పార్టీ."

అప్పుడు తలెత్తాడు. ఎత్తిన తల దించడానికి కొంచెం ఎక్కువ టైమే పట్టింది. అది ఇనాయతుల్లా కంట పడనే పడింది.

"గుర్తేంది మరి?"

"గొడుగు," అంటూ ఆమె గొడుగు తెచ్చి కీబోర్డు మీద పెట్టింది. తెర మీద ఉన్న అభ్యర్థి పేరు చివర పాతిక సున్నాలు పడ్డాయి.

సలోమి జమ్మలమడుగులో ఒక బళ్లో టీచరు. డబ్బాలో ఉన్నది వాళ్ల తాత ఆనందయ్య రాసిన ఉత్తరం. ఆ తాత కథ ఆమె గబగబా చెప్పింది, ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన గొంతుతో.

ఫ్యాక్షన్ రోజుల్లో ఆనందయ్య లింగాలలో ఒక పెద్దమనిషికి జీపు డ్రైవరు. ఆ పెద్దమనిషి మీద కేసు పడితే డ్రైవరు పేరూ అందులో రాశారు. పద్నాలుగు నెలలు కడప జైల్లో ఉన్నాడు. పోతూ పోతూ భార్య దీవెనమ్మకు మాటిచ్చాడు, బయటికొచ్చాక మళ్లీ ఆ జీపు తోలనని. ఆమె జమ్మలమడుగులో పుట్టింటికి చేరి ఎదురుచూసింది. తీరా బెయిలొచ్చి విడుదలైన రోజే, అదే జీపులో వస్తుంటే, ముద్దనూరు దగ్గర ఎదుటి వర్గంవాళ్లు బాంబులేశారు. జీపులో ఎవరూ మిగల్లేదు.

ఆయన జైలు నుంచి రాసిన ఆఖరి ఉత్తరం శవం వచ్చిన మర్నాడు వచ్చింది. పోలీసులు ఇళ్లు వెతుకుతున్నారని దీవెనమ్మ దాన్ని చదివించుకోకుండానే నూనె డబ్బా వెనక దాచింది. డబ్బా కారింది. కాగితం నూనెలో నాని, రెండు వైపుల రాతా కలిసిపోయింది. ఇరవై మూడేళ్లుగా దాన్ని చదవగలిగినవాళ్లు లేరు. మొగుడు మాట తప్పాడన్న కోపంతో ఆమె ఇంతవరకూ సమాధికి రాయి పెట్టనివ్వలేదు. ఇప్పుడు డెబ్బై దాటింది. ఆ ఉత్తరంలో ఏముందో తేలితే గానీ రాయి మాట ఎత్తొద్దంటోంది.

ఆ ఆఖరి ఉత్తరాన్ని మాత్రం ఆమె గడప దాటనివ్వదు. ముందు ఒక మామూలు ఉత్తరమిచ్చి పంపింది. దీని మీద పనితనం చూశాక ఆ సంగతి.

"రెండ్రోజులు టైమియ్యండి టీచరమ్మా. నిన్న రాసినట్టు తెల్లగా చేసిస్తా," అన్నాడు శుభాకర్.

"తెలుపు మాట అట్లుండనీండి. ఉన్నదున్నట్టు రావల్ల."

విన్నాడు గానీ చెవికెక్కలేదు. చెవి కన్నా ముందు కళ్లు పనిలో ఉన్నాయి.

ఉత్తరం పసుపుపచ్చగా మాగిపోయింది. నడిమధ్య ఊదారంగు మరక. రాసిన వరుసలు దాని దగ్గరికి రాగానే పక్కకు వంగి, చుట్టుకుని వెళ్తున్నాయి. శుభాకర్ అది చూశాడు. ఎందుకలా వంగాయా అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది, మహానుభావుడు ఆలోచించలేదు. మరక తుడిచేశాడు. అంతటితో ఆగాడా, వంగిన వరుసల్ని కూడా సాపు చేసి తిన్నగా నిలబెట్టాడు. నిగనిగలాడే కాగితం మీద ప్రింటు తీసి, కవరులో పెట్టి అంటించి, ఇంటికెళ్లి అవ్వతో కలిసి చూడమని సలోమి చేతికిచ్చాడు. ఆమె నవ్వింది. ఆ సాయంత్రమంతా శుభాకర్ రెండు పార్టీల పనికీ ఒకే పాట ఈల వేశాడు.

మర్నాడు పొద్దున పదింటికే ఆమె వచ్చేసింది. బెంచీ నిండా పార్టీవాళ్లు. వాళ్లను దాటుకుని వచ్చి కవరు బల్ల మీద పెట్టింది. మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

"అవ్వ ఇట్ల చూసి అట్ల పక్కన పెట్టేసింది. ఇది నాది కాదు పో అనింది."

"ఒక్క అక్షరం కూడా పోలేదే."

"అవ్వకు అక్షరాలు రావు."

సలోమి కూర్చోకుండానే చెప్పింది. దీవెనమ్మకు చదువు రాదు. రేషను షాపుకెళ్లి, అక్కడి స్టాంపు ప్యాడులో బొటనవేలు ముంచి, తెల్లకాగితం నడుమ ముద్ర వేసి జైలుకు పంపేది. అదే ఆమె ఉత్తరం. ఆనందయ్య ఆ కాగితం మీదే, ఆ ముద్రకు పెన్ను తగలకుండా, చుట్టూ రాసి తిప్పి పంపేవాడు. బడి పంతులు చదివి వినిపించేవాడు. పెట్టెలో ఎన్ని కాగితాలున్నా ఆమె తన ఉత్తరాలను ఆ ముద్ర చూసే పట్టుకుంటుంది.

"నువ్వు తుడిచింది మరక కాదు," అంది సలోమి. "మా అవ్వ రాసిన జాబు."

బెంచీ మీది పార్టీమనిషి ఒకడు తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. శుభాకర్‌కు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లలో పని విషయంలో అతనికి సిగ్గేయడం అదే మొదలు. కానీ సిగ్గుపడి కూర్చునే రకం కాదు.

"నేను ముట్టుకోకముందు తీసిన స్కాను అట్లే దాచిపెట్టినా. ముద్ర యాడికీ పోలేదు. ఆదివారం మిషను మోసుకోని జమ్మలమడుగుకు నేనే వస్తా."

"అవ్వ నిన్ను గడప తొక్కనీదు."

"బయటే కూర్చుంటా. వైరు పొడుగుదే."

ఆమె పెదవి కొస కొంచెం కదిలింది. నవ్వు మాత్రం కాదని చెప్పడానికన్నట్టు గొడుగు టపటపలాడించి వెళ్లిపోయింది.

ఆదివారం చర్చి విడిచే వేళకు ఇనాయతుల్లా వ్యాను జమ్మలమడుగులో దీవెనమ్మ ఇంటి ముందు ఆగింది. అందులోంచి కంప్యూటరు, స్కానరు, ఇస్త్రీ చొక్కాలో శుభాకర్ దిగారు. దీవెనమ్మ గడప లోపల మంచం మీద కూర్చుని ఉంది. అతను గడప బయటి నుంచే చెయ్యి చాపి కొత్త ప్రింటు ఆమె ఒళ్లో పెట్టాడు. పసుపు పోయింది. రాత స్పష్టంగా ఉంది. వరుసలు మళ్లీ వంగాయి, వాటి నడుమ ఊదారంగు ముద్ర.

ఆమె కాగితాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుంది. ముద్రకు అడ్డంగా ఒక తెల్లగీత ఉంది. తన బొటనవేలు దాని పక్కన పెట్టింది. వేలి మీదా అదే గీత.

"కొడవలితో తెగింది అప్పుడు. పెండ్లయిన ఏడు," అంది. అతని వైపు చూసింది. "మొన్న శానా తెల్లగా చేసినావంట?"

"తప్పయింది అవ్వా. అడిగుండాల్సింది."

"ఇప్పుడు అడుగు మరి."

"ఆఖరి జాబు ఇస్తావా?"

ఆమె అతన్ని లోపలికి రమ్మని, దిండు కింది బైబిలు తీసి, మధ్యలోంచి కాగితం తీసి ఇచ్చింది. నూనె పట్టి అద్దంలా ఉంది. అటు రాత ఇటు, ఇటు రాత అటు కనిపిస్తూ గజిబిజిగా ఉంది. దాని వెనక నల్లకాగితం పెట్టాలని శుభాకర్ అంటే సలోమి బడికోసం తెచ్చిన నల్ల చార్టు చింపి ఇచ్చింది. రెండు వైపులా స్కాన్ చేశాడు. తెర మీద ఏం జరుగుతోందో సలోమి అడిగింది, అతను ప్రతిదీ చూపించి చెప్పాడు.

"నూనె పసుపు, సిరా నీలం. ఎర్ర అద్దంలోంచి చూసినామనుకో, పసుపు మాయమైపోతాది, నీలం నల్లగా నిలబడతాది. తర్వాత ఎనకవైపు బొమ్మను తిప్పి దీని మీద పరిచి, అటువైపు రాతంతా తీసేస్తా."

"ఇదేంది, ఇక్కడ మళ్ల నల్లగుంది?"

"అది ముద్ర. దాన్ని ముట్టుకోను."

మధ్యలో గంటసేపు కరెంటు పోయింది. ఆ గంటలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో దీవెనమ్మకు వినబడింది గానీ వినబడనట్టే ఉంది. కరెంటొచ్చాక మూడింటికి వరుసలు ఒక్కొక్కటే తేలడం మొదలుపెట్టాయి. సలోమి తెర ముందుకు జరిగి చదివింది.

"దీవెనా, బెయిలొచ్చింది. ఇంక జీపు తోలనని పెద్దాయనకు చెప్పేసినా. సరే అన్నాడు. వేరే డ్రైవరును పెట్టుకున్నారు. శనివారం వాళ్ల జీపు పులివెందులకు పోతాంది, ముద్దనూరు దాకా ఎక్కించుకుంటామన్నారు. ఆడ దిగి బస్సెక్కి మాపటికి ఇంటికొస్తా. ఆస్పత్రిలో వాచ్‌మన్ పనికి చెప్పించినా. నీకు అక్షరాలు నేర్పిస్తా. నేర్చుకున్నా సరే, నాకు మాత్రం వేలిముద్రే పెట్టు. దాని చుట్టూ రాసి రాసి చెయ్యి అలవాటయిపోయింది."

దీవెనమ్మ మంచం మీద నుంచే తెర వైపు వంగింది.

"ముద్దనూరులో దిగేటోడు," అంది దీవెనమ్మ. మళ్లీ అంది. "ఆడ దిగేటోడు. ఇంటికే వస్తాండె." ఇరవై మూడేళ్ల కోపం ఆ మొహంలోంచి దిగిపోవడం సలోమి కళ్లారా చూసింది. అవ్వను పట్టుకుని ఏడ్చింది. శుభాకర్ పీకనక్కర లేని వైర్లన్నీ పీకి, మళ్లీ పెట్టాడు.

ఈస్టరు నాటికి నల్ల కడపరాయి వచ్చింది. మీద ఆనందయ్య పేరు, కింద దీవెనమ్మ వేలిముద్ర. ఆ ముద్రను రాయికి తగ్గట్టు పెద్దది చేసిచ్చింది శుభాకరే, కొడవలి గీతతో సహా. తెల్లవారుజామున సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించాక దీవెనమ్మ ఆ చెక్కడం మీద చెయ్యి వేసి, వచ్చినా ఇంక, కోపం లేదులే అంది.

తిరిగొచ్చేటప్పుడు శుభాకర్ సలోమి పక్కన నడిచాడు. దారి పొడుగునా తయారుచేసుకున్న మాటల్లో సగం మర్చిపోయాడు.

"నీకొక జాబు రాయల్లనుంది. యాడ మొదలుపెట్టల్లో తెలీడంలా."

"అన్నీ తెలిసినోడివి గదా," అంది సలోమి. అవ్వ చెయ్యి పట్టుకుని ముందుకెళ్లిపోయింది.

నాలుగు రోజులు జవాబు లేదు. శుభాకర్ ఆ నాలుగు రోజుల్లో ఒక పార్టీ అభ్యర్థికి ఇంకో పార్టీ కండువా వేసి, ఫ్లెక్సీ ప్రింటుకు పోయే ముందు ఇనాయతుల్లా చేత తిట్లు తిన్నాడు. ఐదో రోజు మధ్యాహ్నం పోస్టులో కవరొచ్చింది. లోపల ఒక తెల్లకాగితం. ఒక్క అక్షరం లేదు. నడుమ ఊదారంగులో సన్నని బొటనవేలి ముద్ర.

మూలన ఇంకో ముద్ర ఉంది. అరిగిన వేలు, అడ్డంగా తెల్లగీత. ఆ గీతను అతను చుక్కచుక్కగా చూసినవాడు. ఎవరిదో ఎవరూ చెప్పనక్కర లేదు.

ఇనాయతుల్లా తొంగిచూశాడు. "ఏందప్పా, ఖాళీ కాగితం చూసి అంత నవ్వు? మరకలున్నాయి చూడు, తుడిచేయ్."

"దీని మీద చెయ్యేసినావంటే చూడు మామా," అన్నాడు శుభాకర్. కంప్యూటరు ఆపేసి, పెన్ను అందుకుని, పైన సలోమీ అని రాశాడు. మొదటి నాలుగు వరుసలు తిన్నగా వెళ్లాయి. ఐదో వరుస నడిమి ముద్ర దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే పక్కకు వంగింది.