కాళ్లు కదలకముందే

2081 నాటికి నల్లబండ బొగ్గు పట్నంలో జనం పరుగెత్తడం మానేశారు. బస్సు కదిలిపోతున్నా నిలబడి చూస్తారు. ఎవరైనా పిలిస్తే నడుం తిప్పరు, మెడ మాత్రం తిప్పుతారు. సంతలో నలుగురు ఒక్కసారే ఒకవైపు ఒరిగితే పక్కవాళ్లు కసురుతారు. "సక్కగ నిలవడుండ్రయ్యా, మీతోని మేం గూడ పడాల్నా?" తల్లులు పిల్లలకు మాటలకంటే ముందు నిటారుగా నడవడం నేర్పుతున్నారు.

కారణం స్తంభాల మీది కెమెరా కళ్లు. వాటి వెనకున్న యంత్రం పేరు ముందెరుక. ఇంగ్లీషు చదివినవాళ్లు క్రౌడ్ ప్రిడిక్టర్ అంటారు. ఇందులో మంత్రమేమీ లేదు. మనిషి అడుగు వేసే ముందు నడుం కదులుతుంది, బరువు ఒక కాలి మీదికి మారుతుంది. వేలమంది నడుములను ఒకేసారి చదివి, గుంపు ఎటు విరుచుకుపడబోతోందో ముందెరుక పసిగడుతుంది. పసిగట్టి ఊరుకోదు. కాలుకట్టు కిరణం, అంటే నెర్వ్ బ్లాకర్, వదులుతుంది. కాళ్లలో నరాలు చచ్చుబడి మనుషులు ఉన్నచోటే కూలబడతారు. గంటకో రెండు గంటలకో లేస్తారు. రక్తం కారదు కాబట్టి దీన్ని దయగల పోలీసు అన్నారు. అన్నవాళ్లెవరూ దాని కింద పడలేదు.

యంత్రానికి ఆ చదువు చెప్పింది దుర్గం అమూల్య మెదడు. ఆమె భారత ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్. పెనాల్టీ కొట్టే మనిషి నడుం చూసి బంతి ఎటు వస్తుందో చెబుతుందని పేరు. ఆట మానేశాక ఆమె మెదడు తరంగాలకు నకలు తీసి యంత్రంలో పోశారు. గొంతూ ఆమెదే పెట్టారు. ఆ పేరు మీదే ఎన్నికల్లో గెలిచి, ఇప్పుడు హోంమంత్రి అయింది.

ఆ ఉదయం కంట్రోల్ రూములో అమూల్యకు చెమటలు ఆగడం లేదు. తెర మీద తను పుట్టిన బాయి కాలనీ, గని కార్మికుల వాడ జనం. స్తంభాలు పీకేయాలని ఊరేగింపుగా వస్తున్నారు. దారి పాత ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని గుంత అంచున, కట్ట మీద. కింద లోతు తెలియని నీళ్లు. ముందు నడుస్తున్నది రాజమల్లు, చిన్నప్పుడు ఆమెను గోల్‌పోస్టు మధ్య నిలబెట్టిన కోచ్.

"ఆ కట్ట మీద కాళ్లు పడిపోతే ఏమైతది, డాక్టర్ సాబ్?"

యంత్రం తయారుచేసిన కరుణాకర్ ఆమె మొహం చూడలేదు. "జారుతరు మేడం. కాళ్లు రానోళ్లు ఈదలేరు."

"వాళ్లు ఎగవడుతరా?"

"యంత్రాన్నే అడగుండ్రి."

అడిగింది. "ఎగవడుతరు. తయారుగున్న," అంది యంత్రం, అమూల్య గొంతుతోనే. ఆ గొంతులో వణుకు లేదు.

తెర మీద రాజమల్లు మైకు పట్టుకున్నాడు. "అమూల్యా, సూస్తున్నవా బిడ్డా? గీ ముసలోనికి ఎగవడేటి మోకాళ్లు యాడున్నయే?" జనం నవ్వారు. ఎవరూ ఒరగకుండా, బొమ్మల్లా నిలబడి నవ్వారు.

కరుణాకర్ గొంతు తగ్గించాడు. "మీకో మాట చెప్పాలె. చెప్పనీకె ఇన్నొద్దులు భయపడ్డ. మీ పెనాల్టీలన్ని మళ్ల చూసిన. బంతి తన్నకముందే దూకుతరు మీరు. నట్టనడుమకు వచ్చిన బంతులు చానా ఉన్నయి. ఊకె నిలవడితే చేతిల పడేటియి. ఒక్కసారి గూడ నిలవడలేదు."

"నిలవడితే ఊకుంటరా? తప్పుదిక్కు దూకినా, పాపం కొట్లాడింది అంటరు. నిలవడి గోల్ తింటే నా బొమ్మ కాలవెడ్తరు."

"గదే నేర్సుకుంది ఈ యంత్రం. చూసి దూకుతలేదు. దూకినంక చూస్తుంది. ఇన్నేండ్ల సంది పడగొట్టినోళ్లల్ల నిజంగ ఎగవడేటోళ్లు ఎందరో ఎవరికి తెలుసు? పడ్డోన్ని అడిగితే లేదనే అంటడు గద."

అమూల్య కుర్చీలోంచి లేచింది. "బంద్ చేయుండ్రి."

కరుణాకర్ స్విచ్ దించాడు. యంత్రం నోరు పడిపోయింది. ఇక మిగిలింది చేతితో నొక్కి కిరణం వదిలే మీట. అది మంత్రి ముందే ఉంది.

"ఇప్పుడు?"

"ఇప్పుడేం లేదు మేడం. ఏం చెయ్యకుంట నిలవడుడే."

కట్ట మలుపు దగ్గర గుంపు ఆగింది. నినాదాలు ఆగాయి. వేలమంది, చప్పుడు లేదు. రాజమల్లు నడుం వంగింది. బరువు కుడికాలి మీదికి మారింది. వెనక వరసలన్నీ వంగాయి.

"ఆగుండ్రి మేడం."

ఆమెకు వినిపించింది. చెయ్యి అప్పటికే మీట నొక్కేసింది.

రాజమల్లు కూర్చుంటున్నాడు. అంతే. ధర్నాకు దారి మీద కూర్చోబోయారు వాళ్లంతా. సగం కూర్చున్న మనుషులు సగంలోనే చచ్చుబడి ఒకరి మీద ఒకరు పడ్డారు. అంచున ఉన్నవాళ్లు నీళ్లలోకి జారారు. ముసలాయన అందరికంటే ముందు జారాడు.

అమూల్య మీట మీంచి చెయ్యి తీసింది. "యంత్రం పెట్టుండ్రి."

"ఎందుకు?"

"అదే నొక్కిందని చెప్దాం. దాన్ని ఎవడు ఉరిదీస్తడు? నేను నొక్కిన్నని తెలిస్తే నన్ను బతకనిస్తరా? పెట్టుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

తనూ ఆ గదిలోనే ఉన్నాడని కరుణాకర్‌కు అప్పుడు తోచింది. రేపు అడిగితే తననూ అడుగుతారు. స్విచ్ ఎత్తాడు.

తెర మీద, కిరణం అందని వెనక వరసల వాళ్లు నీళ్లవైపు పరుగెత్తుతున్నారు. చీరలు, తువ్వాళ్లు విప్పి మునుగుతున్నవాళ్ల చేతులకు విసురుతున్నారు.

"ఎగవడుతున్నరు," అంది యంత్రం ఆమె గొంతుతో. "వదులుతున్న."