పులస గారి ఇసుక

ఏసురాజు గోనెసంచి పట్టుకుని ఆ ఇంటికి వచ్చింది పిల్లిని ఎత్తుకుపోవడానికి. అయినా తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు. పిల్లికి ఇవన్నీ పట్టవని ఆ మహానుభావుడికి ఎవరు చెప్తారు? సందు మలుపు తిరిగేలోపే వాన దంచి కొట్టింది. క్రాపూ ఇస్త్రీ రెండూ కాలవలో కలిశాయి.

తలుపు తీసిన అమ్మాయి ముందు సంచిని చూసింది, తర్వాత మనిషిని.

"ఎవరండీ మీరు?"

"ఏసురాజునండి. డేనియల్ ఫ్రెండ్ని. పిల్లి కోసం వచ్చానండి."

"పిల్లి కోసమైతే సంచెందుకు?"

ఏసురాజు సంచిని వీపు వెనక్కి దాచాడు. బస్తా ధాన్యం పట్టే సంచి అది. ఎంత దాచినా రెండు పక్కలా కనిపిస్తూనే ఉంది.

ధవళేశ్వరంలో చర్చి వెనక సందులో మూడో ఇల్లు అది. పదహారు రోజుల కిందట ఆ గుమ్మంలోంచి డేనియల్ శవపేటిక బయటికి వెళ్ళింది. కామెర్లు. పసరు మందుకు తగ్గిపోతుందని పది రోజులు ఆగారు, ఆ పది రోజులే కొంప ముంచాయి. ముప్ఫై కూడా నిండలేదు. చిన్నప్పటి నుంచీ ఏసురాజూ అతనూ ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవారు. ఏసురాజు రెండేళ్ళుగా ఏజెన్సీ వైపు కాలవ పనుల్లో ట్రాక్టరు తోలుకుంటూ ఉండిపోయాడు. బావ పెళ్ళికి రాలేదు. సమాధికీ అందుకోలేదు. అందుకే డేనియల్ తల్లి వీరమ్మ మొదటిసారిగా ఒక పని చెప్తే కాదనలేకపోయాడు.

"నేనే రమ్మన్నానమ్మా," వీరమ్మ మంచం మీంచే అంది. "నీకా మూడో నెల. ఇంట్లో పిల్లి ఉంటే కడుపు నిలవదంట. ఎదురింటి రత్తమ్మ ఫోన్లో చూపించింది. ఈడు దాన్ని వంతెన దాటించి కొవ్వూరు అవతల వదిలేసొత్తాడు. గోదారి దాటితే మళ్ళీ రాలేదు."

తలుపు తీసిన రూబీ అత్తగారి మీద అరవలేదు. గుమ్మం పక్కకి వేలు చూపించింది. అక్కడ మగవాళ్ళ చెప్పుల జత. వాటి మీద ముడుచుకుని ఎర్రటి పిల్లి. చెప్పుల మనిషి వస్తాడని పదహారు రోజులుగా అక్కడే కూర్చుంది.

"దాన్ని తీసుకెళ్తే ఆ చెప్పులు కూడా తీసుకెళ్ళండి. గోడ వంకీకి ఆయన చొక్కా ఉంది, అదీ తీసుకెళ్ళండి. సంచి పెద్దదేగా, నేను కూడా పడతాను."

ఏసురాజు సంచి కింద పడేశాడు. ఏం చెయ్యాలో తోచక పిల్లి తల నిమరబోయాడు. అది చక్కగా మోచేతి నుంచి మణికట్టు దాకా మూడు గీతలు గీసింది.

"పులసా!" రూబీ కసిరింది.

"పులసేంటండి?" నొప్పిలో కూడా అడక్కుండా ఉండలేకపోయాడు.

"ఆయన ఎంతో ఇష్టపడి పులస ముక్కలు తెచ్చారు. కూర దింపేలోపు ఇది సగం తినేసింది. 'అంత మంచి చేప దీని పొట్టలో ఉంది, ఇక ఇదే మన పులస' అన్నారు." రూబీ చెప్పుల వైపు చూసింది. తర్వాత కొంగు సర్దుకుంది. "పదండి. మీకు ఇంజక్షన్ కావాలి, నాకు చెకప్ ఉంది. డాక్టరు గారినే అడుగుదాం. ఆవిడ పంపెయ్యమంటే నేనే దాన్ని సంచిలో పెట్టిస్తాను."

డాక్టర్ సూర్యకళ అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పిల్లి మలంలో ఒక క్రిమి ఉండొచ్చు, కంటికి కనపడదు. అది గర్భిణికి కొత్తగా సోకితే బిడ్డకి ప్రమాదమే. కానీ మలం బయటపడ్డ వెంటనే దానికి అంటుకునే బలం ఉండదు, కనీసం ఒక రోజు పడుతుంది. ఏ రోజుది ఆ రోజు తీసేస్తే భయం తక్కువ. నువ్వు మాత్రం ముట్టుకోకు. దాన్ని వీధిలోకి వదలకు, ఎలకల్ని తింటుంది. ఇంట్లోనే తొట్టెలో ఇసుక పోసి పెట్టు, అందులోకే వెళ్తుంది. పచ్చి చేపా పచ్చి మాంసం పెట్టకు, ఉడికించి పెట్టు. నీక్కూడా అంతే, మాంసం బాగా ఉడకాలి, ఆకుకూరలు శుభ్రంగా కడగాలి. అసలు చాలామందికి ఇది ఉడికీ ఉడకని కూరల వల్లే వస్తుంది."

"ఒళ్ళో పెట్టుకోవచ్చా అండీ?"

"పెట్టుకో. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కో."

"మరి ఫోన్లో అలా చూపించారేంటండీ?" కోడలి వెంటే వచ్చిన వీరమ్మ వదల్లేదు.

"ఫోన్లో పురుళ్ళు పొయ్యరు కదమ్మా!" డాక్టరమ్మ నవ్వి రూబీ వైపు తిరిగింది. "రోజూ ఆ తొట్టె శుభ్రం చేసే పని మీ ఆయనకి చెప్పు. ఆ మాత్రం సేవ చెయ్యొద్దూ?"

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ చేతిలో కార్డు తిప్పి, భర్త పేరు ముందు 'లేట్' అని ఉండడం చూసి తల దించుకుంది. వీరమ్మ మోకాళ్ళు వంగవు. రూబీ మిషను హాస్టల్లో పెరిగిన పిల్ల, పుట్టింటి నుంచి వచ్చేవాళ్ళెవరూ లేరు.

"నేను తీస్తానండి," అన్నాడు ఏసురాజు, గీరిన చేతికి దూది అదుముకుంటూ. "ఇసుక ర్యాంపులో పని కుదిరింది. పొద్దున్నే ఎల్తాను. మీ ఇల్లు దారిలోనే."

మర్నాడు ఆరింటికల్లా బకెట్టుతో గుమ్మంలో ఉన్నాడు. ఆ మర్నాడూ అంతే. ముక్కుకి తువ్వాలు, చేతులకి రబ్బరు తొడుగులు. పాత ఇసుక కాగితంలో చుట్టి, తొట్టెలో మరిగే నీళ్ళు పోసి కడిగి, కొత్త ఇసుక పోసేవాడు. వీధి ఇసుక మీద ఊరి పిల్లులన్నీ కూర్చుంటాయని ఎవరో చెప్పారట, ఇంటి దగ్గర కట్టెల పొయ్యి మీద పెద్ద మూకుడు పెట్టి ఇసుకని వేయించడం మొదలెట్టాడు. మరమరాలు వేయిస్తున్నాడేమోనని పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చి నిలబడేవారు.

ఈ సంగతి విని డాక్టరమ్మ, "అంత అవసరం లేదు, అలాగని చెడ్డ పనీ కాదు," అంది. ఆ మాట చాలు మనవాడికి. ఇంకో పావుగంట ఎక్కువ వేయించాడు.

మాటలు మాత్రం నాలుగే. "బాగున్నారాండీ?" "బాగానే ఉన్నానండి." "పులస తిందాండీ?" "తిందండి." పెళ్ళికూతురు తరఫు, పెళ్ళికొడుకు తరఫు పెద్దలు మాట్లాడుకున్నట్టు ఉండేది.

ఆగస్టులో గోదారి ఎర్రబడింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. ఏసురాజు తడిసిన గొడుగు మడిచి, తొట్టె దగ్గర కూర్చున్నాడు.

"ర్యాంపు తెరిచే ఉందాండీ?" వెనకనుంచి రూబీ అడిగింది.

"ఆయ్. ఉందండి."

"ఇంత వరదలో మునిగి తీస్తున్నారా ఇసుక?"

ఏసురాజు చెయ్యి ఆగింది.

"ర్యాంపులన్నీ మూసేసి నెల దాటిందని టీవీలో చెప్పారు. ఇంకోటి, ర్యాంపు ఉన్నది ఎగువన. మీ ఇల్లూ ఎగువనే. మా ఇల్లు దిగువన. ఇది ఏ దారండీ?"

జవాబు చెప్పాల్సిన మనిషి తొట్టెలోకి తల దూర్చేశాడు. రూబీ పెదవుల చివర ఏదో కదిలింది. నవ్వు కాబోతూ, ఎదురుగా వంకీకి ఉన్న చొక్కా చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

అక్టోబరులో కుళాయి దగ్గర రత్తమ్మ అడ్డం తగిలింది. చేతిలో ఖాళీ బిందె, చుట్టూ నలుగురు ఆడవాళ్ళు.

"ఏమయ్యా ఏసురాజూ, మా వీధిలో ఇంకా మూడు పిల్లులున్నాయి. వాటికెప్పుడొత్తావు?"

అందరూ గొల్లుమన్నారు. ఏసురాజుకి తన గురించి సిగ్గు కాదు. ఆ నవ్వు గోడ దాటి రూబీ చెవిన పడి ఉంటుంది. మొగుడు పోయిన ఇల్లు అది.

మర్నాడు వెళ్ళలేదు. రెండో రోజూ వెళ్ళలేదు. మూడో రోజు ఇసుక వేయించి, చల్లార్చి, మూత పెట్టి కూర్చున్నాడు. నాలుగో రోజు తెల్లారకుండానే కాళ్ళు వాటంతట అవే అటు నడిచాయి.

వెనక వసారాలో తొట్టె పక్కన రూబీ కూర్చుని ఉంది. ఆరో నెల పొట్టతో వంగి, ఇసుక ఎత్తుతోంది. ఉత్త చేతులతో.

"ఏవండీ! ఏం చేస్తున్నారు? తొడుగులు ఏవండీ?"

"చిరిగిపోయాయి."

"ఎందుకు ముట్టుకున్నారు?"

"అత్తయ్యకి మోకాళ్ళు వంగవు, పైగా జ్వరం. పిల్లిని ఆపుకోమని చెప్పలేను కదండీ." రూబీ మొహం తిప్పలేదు. "చెప్పకుండా ఆగిపోవడం మనుషులకే వచ్చు."

ఆ మాట ఏసురాజుకి పిల్లి గోళ్ళకంటే లోతుగా దిగింది.

డాక్టరమ్మ ఇద్దరినీ కేకలేసింది. "మొదటి పరీక్షలో నీకు ఇది ఎప్పుడూ రాలేదని తేలింది. అంటే ఇప్పుడు సోకితే కొత్తదే. మూడు రోజులు నిలవ ఉన్నది ఎత్తావు. వెంటనే పరీక్షలో తెలియదు, మూడు వారాలు ఆగి రక్తం ఇవ్వాలి."

మూడు వారాలు. తుఫాను పట్టి వాన వదల్లేదు. రూబీ పిల్లిని ఒళ్ళోకి తీసుకోవడం మానేసింది. అది అరిచి అరిచి మళ్ళీ చెప్పుల మీదికే పోయింది. డేనియల్ మిగిల్చి వెళ్ళినవి రెండే, కడుపులో ఒకటి, గుమ్మంలో ఒకటి. ఒకదాని వల్ల ఇంకోటి పోతుందేమోనని ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చునేది. ఏసురాజు ఆరింటికి వచ్చేవాడు, పని చేసేవాడు, అరుగు మీద కూర్చునేవాడు. వెళ్ళమని ఎవరూ అనలేదు.

ఒక రోజు వీరమ్మ కర్ర ఊతంతో వచ్చి పక్కన కూర్చుంది.

"ఏరా, మా వోణ్ణి ఏమని పిలిచేవోడివి?"

"బావా అనేవోణ్ణత్తా."

"మరి బావ పెళ్ళాం నీకేమవుద్ది?"

ఏసురాజు చూరు నీళ్ళకేసి చూశాడు. "చెల్లెమ్మ అవుద్ది."

"నాలుగు నెలలుగా వింటన్నాను. ఒక్కసారన్నా ఆ మాటన్నావా? 'ఏవండీ', 'ఇదుగోనండీ', 'బాగున్నారాండీ'! మా పాస్టరు గారు కూడా అన్ని అండీలు అనరు."

"తప్పయిపోయిందత్తా. రేపట్నించి రాను."

"రావొద్దని నేనన్నానా?" వీరమ్మ కర్రతో నేల మీద గీసింది. "నాకిప్పుడు సంతోషపడే ఓపిక లేదు, కోప్పడే ఓపికా లేదు. నా కొడుకు బిడ్డని క్షేమంగా బయటికి రానీ. ఆ తర్వాత నా కోడలేదంటే అదే నా మాట. అంతదాకా నోరు మూసుకుని ఇసుక మార్చు."

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ రెండుసార్లు చదివి, "ఏమీ సోకలేదు," అంది. రూబీ ఆస్పత్రి బల్ల మీదే మొహం కప్పుకుని ఏడ్చింది. బయటికి వచ్చాక కళ్ళు తుడుచుకుని అడిగింది.

"మళ్ళీ చెప్పకుండా మానేస్తారా?"

"మాననండి."

జనవరి చివర్లో ఆడపిల్ల పుట్టింది. ముక్కు అచ్చం డేనియల్‌ది. వీరమ్మ ఆ ముక్కుని చూసి ఏడ్చిన ఏడుపుకి వార్డులో మిగతా పిల్లలందరూ లేచారు.

డిశ్చార్జి రోజున డాక్టరమ్మ చెప్పింది. "ఉయ్యాలకి దోమతెర కట్టండి, పిల్లిని అందులోకి ఎక్కనివ్వకండి. తొట్టె ఇక నువ్వే తీసుకోవచ్చమ్మా. తొడుగులేసుకుని, చేతులు కడుక్కుంటే చాలు."

మంచి మాటే. కానీ ఆటోలో ముందు సీట్లో కూర్చున్న ఏసురాజు ఇంటిదాకా వెనక్కి తిరగలేదు. ఆరు నెలలుగా ఆ గుమ్మం తొక్కడానికి అతనికున్న కారణం ఆ తొట్టె ఒక్కటే.

సాయంత్రం పెద్ద డబ్బా నిండా వేయించిన ఇసుక తెచ్చి వసారాలో పెట్టాడు.

"పది రోజులకి వత్తుందండి. ఇక నాతో పని లేదు కదా. ఈసారి చెప్పే మానేత్తన్నానండి."

రూబీ బిడ్డ వంకే చూస్తూ ఉంది. ఏసురాజు గేటు వేసి, వేసిన గేటుని ఇంకోసారి వేసి వెళ్ళిపోయాడు.

మూడో రోజు పొద్దున్నే ఫోను. "ఒరేయ్, ఎక్కడున్నావు?" వీరమ్మ గొంతు. "ఇల్లంతా కంపు కొడతంది. పసిబిడ్డున్న ఇల్లు. వత్తావా, రావా?"

మంచు తెర ఇంకా విడలేదు. ఏసురాజు పరుగున వచ్చేసరికి వసారాలో తొట్టె ఎలా ఉందో అలాగే ఉంది. పులస దాని పక్కన కూర్చుని ఏసురాజుని తినేసేలా చూస్తోంది. డబ్బా మూత కూడా తియ్యలేదు. దాని మీద కొత్త తొడుగుల జత, కొత్త సబ్బు.

రూబీ బిడ్డని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"డాక్టరు గారు మీరే తియ్యొచ్చన్నారు కదండీ," అన్నాడు.

"అన్నారు."

"తొడుగులూ ఉన్నాయి."

"ఉన్నాయి. సబ్బూ ఉంది."

"మరి?"

"తియ్యలేదు," అంది రూబీ. "నేను తీసేస్తే మీరు రారు కదా."

లోపల వంకీకి డేనియల్ చొక్కా అలాగే ఉంది. గుమ్మం పక్కన చెప్పులూ అలాగే ఉన్నాయి. వాటిని ఎవరూ తియ్యరు, తియ్యక్కర్లేదు కూడా. ఏసురాజు వాటికి మంచు తగలకుండా కొంచెం లోపలికి జరిపాడు. తర్వాత తొట్టె ముందు కూర్చుని తొడుగులు వేసుకున్నాడు.

పని అయ్యాక చేతులు రెండుసార్లు కడుక్కుని లేచాడు. రూబీ బిడ్డని అతని చేతుల్లో పెట్టింది. పెళ్ళి గురించి ఎవరూ ఎత్తలేదు. ఏడాది తిరగనివ్వాలని ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. మంచం మీంచి వీరమ్మ గట్టిగా దగ్గి, గోడవైపు తిరిగి పడుకుంది.

"రేపు ఎన్నింటికి వస్తారు?" రూబీ అడిగింది.

"ఆరింటికండి. దారిలోనేగా."

"ఏ దారి?"

ఏడు నెలల్లో ఆ ఇంట్లో మొదటిసారి ఒక నవ్వు పూర్తిగా బయటికి వచ్చింది. ఏసురాజు బిడ్డ ముక్కు చూశాడు, రూబీని చూశాడు. అండి అనబోయిన నోటిని బలవంతాన ఆపుకున్నాడు.

"ఈ దారే, రూబీ."