శాంతి ఫోనెత్తని పూట

కుక్కరు కూత వేసేలోపు శాంతి జడ వేసుకుని, అన్నం డబ్బా సర్దుకుంది. గూడూరు నుంచి మానుకోట వెళ్లే పొద్దుటి బస్సు తప్పితే డ్యూటీకి ఆలస్యమవుతుంది. అక్కడ ఒక చిన్నపిల్లల దవాఖానలో ఆమె నర్సు. భర్త డేవిడ్ జనగామలో పత్తి మిల్లు సూపర్‌వైజరు. అక్కడే గది తీసుకుని ఉంటాడు, ఆదివారం ప్రార్థన వేళకు ఇంటికొస్తాడు. మిగతా రోజుల్లో ఇంట్లో శాంతి, అత్త సాలమ్మ, మామ పెంటయ్య.

"శాంతమ్మా, నీళ్ల మోటరు బందు చేసిన్నా నేను?" వాకిట్లోంచి అడిగాడు పెంటయ్య.

"చేసినవ్ మామా. ఇప్పుడే గద చేసినవ్."

"నువ్వు పోయినంక మల్ల అనుమానమొస్తది బిడ్డా. అడుగుదామంటే నువ్వేమో ఫోనెత్తనంటివి."

ఆయన నవ్వుతూనే అన్నాడు. శాంతికి మాత్రం మనసు చివుక్కుమంది. కోడలికి ఫోను చేయడం ఆయనకు అలవాటు. మేక ఈనిందని చేస్తాడు, పప్పులో ఉప్పెక్కువైందని చేస్తాడు, ఏమీ లేకపోతే "తిన్నవా బిడ్డా" అని చేస్తాడు. ఆ పిలుపుల్లో ఒక్కటి కూడా ఆమెకు బరువనిపించలేదు, ఆ రోజు దాకా.

ఆ రోజు నెలలు నిండకుండా పుట్టిన ఒక పసికందుకు సెలైన్ పెట్టి, చుక్కల వేగం తగ్గించబోతుంటే జేబులో ఫోను వణికింది. తీసి చూసింది. మామ పంపిన మేకపిల్ల వీడియో. దాని కింద డేవిడ్ పంపిన ఏదో తమాషా వీడియో. అది చూసి నవ్వుకుని, పక్క పాప దగ్గరికి వెళ్లిపోయింది. చుక్కలు ధారగా పడుతున్నాయని ఇన్‌చార్జి సిస్టరు తుల్సీబాయి గమనించి పరుగెత్తింది. బిడ్డకేమీ కాలేదు. తుల్సీబాయి తిట్టనైనా తిట్టలేదు. కానీ అద్దాల పెట్టెలో అరచేయంత ఉన్న ఆ పసిదాని ఛాతీ ఎగసిపడటం శాంతి కళ్లముందు నుంచి పోలేదు. మరునాటి నుంచి డ్యూటీలోకి వెళ్లేముందు తన ఫోను తానే దవాఖాన బీరువాలో పెట్టి తాళం వేయసాగింది. అవసరమైతే వార్డు ఫోనుకు చేయమని ఇంట్లో చెప్పి, ఆ నంబరు అత్త ఫోనులోనూ మామ ఫోనులోనూ ఎక్కించింది.

"పొయ్యొస్త మామా. మందు గోలి మరువకు," అని శాంతి గేటు దాటింది.

పదిన్నర ప్రాంతంలో వార్డులోకి అప్పుడే పుట్టిన మగబిడ్డను తెచ్చారు. ఏడుపు లేదు, ఒళ్లంతా నీలంగా ఉంది. డాక్టరు ఛాతీ మీద వేళ్లతో నొక్కుతుంటే, శాంతి చిన్న మాస్కు మూతికి ఆనించి గాలి సంచి పిండుతూ కూర్చుంది. చేతులు లాగేస్తున్నా ఆపలేదు. చాలాసేపటికి బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. తలుపు బయట ఎవరో ముసలావిడ "నా తల్లే, నా తల్లే" అంటూ గోడకు దండం పెట్టింది. శాంతి ముఖం కడుక్కుని మళ్లీ లోపలికే వెళ్లింది. ఆ బిడ్డను వదిలి కదలబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం డ్యూటీ దిగి బీరువా తీసేసరికి ఫోను నిండా అత్త పేరే.

"అత్తమ్మా, ఏమైంది?"

"మీ మామ లేస్తలేడు బిడ్డా. పొద్దుగాల నువ్వు పోయినంక మొకం కడుక్కుంట కూలవడ్డడు. మూతి ఒక దిక్కు పోయింది. మాట్లాడుమంటే నోట్లె నుంచి సొంగ కారుతున్నది. నువ్వొస్తవని చూస్తున్న."

పక్షవాతం అని శాంతికి వెంటనే తెలిసింది. తెలిసి మాత్రం ఏం చేయగలదు? ఎదురింటి ఆటో ముత్యానికి ఫోను చేసింది. అతను పత్తి ఏరే కూలీలను దింపడానికి వెళ్లి అప్పుడే వస్తున్నాడు. సాలమ్మా, అతనూ కలిసి పెంటయ్యను ఆ ఆటోలోనే మానుకోట తెచ్చారు, అక్కడి నుంచి అంబులెన్సులో వరంగల్ తీసుకెళ్లారు. దారంతా శాంతి మామ చేయి పట్టుకుని కూర్చుంది. ఆ చేయి తిరిగి పట్టుకోలేదు.

"గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూది ఉంటుందమ్మా," అన్నాడు వరంగల్ డాక్టరు. "మీరు నర్సు, మీకు తెలుసు కదా. మొదటి గంటల్లోనే ఇవ్వాలి. ఆ టైము దాటిపోయింది."

తెలుసు. అదే ఆమె గుండెను కోసింది.

శాంతి కబురు చెబితే డేవిడ్ సాయంత్రానికి జనగామ నుంచి వచ్చాడు. మంచం మీద తండ్రి ముఖం చూసి, వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. శాంతి వెనకాలే వెళ్లింది.

"ఫోనెందుకు నీకు?" అన్నాడు. "చెప్పు. బీరువాల దాసిపెట్టనీకెనా? అవ్వ అన్నిసార్లు చేసింది. ఒక్కసారి చూసుకుంటే ఏం పోతుండె?"

"లోపల పసిపిల్లగాడు..."

"ఊరోళ్ల పిల్లలను బతికిస్తవు. ఇంట్ల బాపు నేల మీద పడి ఉన్నడు. నిన్ను సొంత బిడ్డ లెక్క చూసిండు గదనే మా బాపు!"

ఆ పిల్లవాణ్ని వదిలేయాల్సిందని శాంతి అనలేదు, వదలకపోవడమే మంచిదైందనీ అనలేదు. "వార్డు నంబరు ఇచ్చిన గద," అని మాత్రం మెల్లగా అంది.

"నాకు ఆ నంబరు దొరకలే బిడ్డా," అంది బెంచీ మీద ఒదిగి కూర్చున్న సాలమ్మ. "నాకు ఫొటో ఉంటెనే తెలుస్తది. నీ ఫొటో ఒత్తిన, వీని ఫొటో ఒత్తిన. దానికి ఫొటో లేకపాయె."

శాంతి కళ్లు మూసుకుంది. అత్తకు చదువు రాదని తెలుసు. ఫొటోలు చూసే నొక్కుతుందనీ తెలుసు. ఆ రెంటినీ కలిపి ఒక్క క్షణం ఆలోచించలేదు.

"విన్నవా?" డేవిడ్ మళ్లీ గొంతు పెంచాడు. "నంబరిచ్చిందట నంబరు!"

"దాన్నెందుకంటవ్ కొడుకా?" సాలమ్మ తల ఎత్తింది. "నీకు గూడ చేసిన్నాయె. నువ్వు కట్ జేస్తివి. మల్ల చేసిన, మల్ల కట్ జేస్తివి. నీకూ పనే ఉండె గద. ఇద్దరు పిల్లలు పని మీద ఉన్నరు, పరేషాన్ చేయొద్దని నేనే ఊకున్న. మీ బాపు తల ఒళ్లె పెట్టుకోని కూసున్న. కండ్లు తిరిగినయేమో, జరసేపట్ల లేస్తడనుకున్న."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. కొడుకు తరఫునే చెబుతున్నట్టు చెప్పింది. డేవిడ్ గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు.

"నాకు పని లేదవ్వా," అన్నాడు.

"ఏంది కొడుకా?"

"పని లేదు. అప్పుడు మిషను ఆగి ఉండె. అందరం కూసోని ఫోన్ల మ్యాచ్ చూస్తున్నం. నీ ఫోనొస్తె మ్యాచ్ ఆగుతున్నదని కట్ జేసిన. మల్ల చేద్దామనుకున్న... మర్చిపోయిన." అతను రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "ఫోను నా చేతులనే ఉండెనే శాంతీ. నా చేతులనే ఉండె."

సాలమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోట్లో కుక్కుకుని వెక్కింది. శాంతి వెళ్లి డేవిడ్ పక్కన నేల మీదే కూర్చుంది. అతని మీద కోపం రావాలి, రాలేదు. ఆ రోజు సెలైన్ సీసా దగ్గర తాను నవ్వుకుంటూ చూసిన వీడియో మనసులో మెదిలింది. అతని భుజం మీద చేయి వేసింది. లోపల పెంటయ్య ఏదో మూలిగాడు. ముగ్గురూ ఒక్కసారే లేచారు.

కొన్నాళ్లకు ఆయనను ఇంటికి తెచ్చారు. కుడిచేయి, కుడికాలు కదలవు. మాట రాదు. డేవిడ్ సెలవు పెట్టి తండ్రికి స్నానం చేయించాడు, జావ తాగించాడు. పనివేళల్లో తన ఫోనూ ఆఫీసు గదిలో పెట్టేస్తానని మిల్లులో చెప్పి వచ్చాడు. తల్లి ఫోనులో మిల్లు నంబరుకు మిల్లు గేటు ఫొటో, వార్డు నంబరుకు తుల్సీబాయి ఫొటో పెట్టి, "ఒత్తవ్వా, ఇంకోసారి ఒత్తు," అని దగ్గర కూర్చుని నేర్పించాడు. సాలమ్మ బుద్ధిగా నొక్కింది. నొక్కుతూనే, "గిది అప్పుడే ఉంటె..." అని ఆగిపోయింది. ఎవరూ ఆ మాట పూర్తి చేయలేదు.

శాంతి మళ్లీ డ్యూటీకి బయలుదేరిన పొద్దున పెంటయ్య మంచం దగ్గరికి వెళ్లి వంగింది.

"పొయ్యొస్త మామా."

ఆయన ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. "శా... శా..." అన్నాడు. కళ్లలో ఏదో అడగాలన్న ఆత్రం. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"చెప్పు మామా. ఈడనే ఉన్న. ఆకలైతున్నదా? నీళ్లా? నొస్తున్నదా?"

ఒక్కో మాటకూ ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ప్రయత్నించాడు. గొంతు నరాలు ఉబ్బాయి, కంటి కొస నుంచి నీళ్లు చెవిలోకి జారాయి. మాట మాత్రం బయటికి రాలేదు.

"పొమ్మంటున్నడు బిడ్డా," అంది సాలమ్మ, కొంగు మెల్లగా విడిపిస్తూ. "పిల్లలు ఎదురుచూస్తుంటరు, పో అంటున్నడు."

ఆయన అన్నది అదేనో కాదో ఎవరికీ తెలియదు. శాంతి ఆ తడి చెంపను తుడిచి, నుదుటి మీద చేయి వేసి కాసేపు అలాగే ఉండిపోయింది. రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. లేచి, వెనక్కి చూసుకుంటూ వెళ్లింది.